ఆర్సెనల్ తర్వాత ల్యుంగ్‌బర్గ్ అన్ని క్లబ్బులు ఎందుకు మారాడు?

మీరు అడిగింది ఇది: లండన్ క్లబ్బు ఆర్సెనల్‌ని వదిలాక స్వీడన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రెడీ ల్యుంగ్‌బర్గ్ ఏడేళ్ళలో ఆరు క్లబ్బులు ఎందుకు తిరిగాడు, అదంతా డబ్బు కోసమేనా, ముంబైకి వచ్చి నాలుగు మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయినవాణ్ణి గొప్ప ఆటగాడని ఎలా అంటారు?

డబ్బు లేదని అనను, అమెరికాలో అతనికి ఇచ్చింది పెద్ద మొత్తమే. కానీ డబ్బే కారణమని తేల్చేస్తే అతని ఆట ఏమిటో మనకి అస్సలు అర్థం కానట్టే. నేను 1998 నుంచి ఆర్సెనల్ మ్యాచ్‌లు టీవీలో చూస్తున్నాను, చాలా ఏళ్ళుగా పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. వింగ్‌లో ఆడే పిల్లలకి నేను ఎక్కువగా చూపించే వీడియోలు ఇతనివే. నా సమాధానం ఒక్క మాటలో చెప్పాలంటే, ఫ్రెడీ ఆట బంతి కాళ్ళ దగ్గర లేనప్పుడు ఆడే ఆట, దానికి రెండు కావాలి: సరైన క్షణంలో పాస్ ఇచ్చే మనిషి, ఆ పరుగుని తట్టుకునే తుంటి. 2006, 2007 నాటికి రెండూ పోయాయి. తర్వాత తిరిగిన తిరుగుడంతా అక్కడినుంచే మొదలైంది.

ముందు లెక్క ఒకటి సరిచేద్దాం. అతను 8 క్లబ్బులకి ఆడాడు, 6 దేశాల్లో: స్వీడన్, ఇంగ్లాండ్, అమెరికా, స్కాట్లాండ్, జపాన్, ఇండియా. ఇది చూసి ఊళ్ళు తిరిగే రకం అనుకుంటారు. కానీ అయిదేళ్ళ వయసులో హాల్మ్‌స్టాడ్ క్లబ్బులో చేరినవాడు 21 ఏళ్ళు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు, తర్వాత ఆర్సెనల్‌లో 9 సీజన్లు. అంటే ముప్పై ఏళ్ళ వయసొచ్చేసరికి అతను మారిన క్లబ్బు ఒక్కసారే. ఇలాంటివాణ్ణి నిలకడ లేనివాడు అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1977 ఏప్రిల్ 16న విట్‌షోలో పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబం హాల్మ్‌స్టాడ్‌కి మారింది. హ్యాండ్‌బాల్, ఐస్ హాకీ కూడా బాగా ఆడేవాడు. ఇది ఊరికే చెప్పడం లేదు, ఆ రెండు ఆటల్లోనూ ఇరుకు చోట్లో ఖాళీ కనిపెట్టి అందులోకి దూరడమే పని, అతని ఫుట్‌బాల్‌లో కూడా నాకు అదే కనిపిస్తుంది. 1994లో సీనియర్ జట్టుకి మొదటి మ్యాచ్, 1995లో స్వీడిష్ కప్పు, 1997లో లీగ్ టైటిల్. హాల్మ్‌స్టాడ్ లాంటి మామూలు ఊరి క్లబ్బు స్వీడన్ ఛాంపియన్ కావడమంటే చిన్న విషయం కాదు.

1998 సెప్టెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ 2-1తో ఇంగ్లాండ్‌ని ఓడించింది. ఆ మ్యాచ్‌లో ఫ్రెడీ ఆడిన ఆట ఇంగ్లాండ్ డిఫెండర్లని బాగా ఇబ్బంది పెట్టింది, అది చూసిన ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్ దాదాపు 30 లక్షల పౌండ్లకి కొనేశాడు. అదే నెల 20న మాంచెస్టర్ యునైటెడ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి గోల్ కొట్టాడు, ఆర్సెనల్ 3-0తో గెలిచింది. కానీ అంతటితో అతను స్టార్ అయిపోలేదు. మొదటి రెండు మూడేళ్ళు బాగా ఆడే కుర్రాడు, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కాగితం మీద అతను కుడివైపు మిడ్‌ఫీల్డర్. కానీ లైన్ పక్కన పరిగెత్తి క్రాస్‌లు వేసే రకం కాదు. డ్రిబ్లింగ్ గొప్పగా ఉండేది కాదు, దూరం నుంచి షాట్లు పెద్దగా కొట్టేవాడు కాదు, ఎత్తు కూడా ఎక్కువ కాదు. మరి గోల్స్ ఎలా వచ్చాయి? థియరీ ఆన్రీ స్ట్రైకర్ అయినా ఎడమవైపుకి జరుగుతూ ఆడేవాడు, అతని భయానికి ఎదుటి టీమ్ సెంటర్ బ్యాక్ కూడా అటే జరిగేవాడు, మధ్యలో ఒక సందు ఏర్పడేది. సరిగ్గా అప్పుడు ఫ్రెడీ కుడివైపు నుంచి అడ్డంగా, డిఫెండర్ల వీపుల వెనకనుంచి ఆ సందులోకి పరిగెత్తేవాడు. ఇంకో ఫార్వర్డ్ బెర్గ్‌క్యాంప్ తల ఎత్తి చూడకుండానే అక్కడికి బంతి వేసేవాడు. కుడివైపు ఖాళీ అయిన చోటుని వెనకనుంచి కుడి బ్యాక్ లారెన్ వచ్చి కాపు కాసేవాడు. చూడ్డానికి చాలా తేలికగా ఉంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. కదులుతున్న బస్సు ఎక్కడం లాంటిదది, అర సెకను ముందు పరిగెత్తితే ఆఫ్‌సైడ్ (పాస్ బయల్దేరేసరికే డిఫెండర్లని దాటిపోయి ఉండటం, దాంతో ఆట ఆపేస్తారు), అర సెకను ఆలస్యమైతే సందు మూసుకుపోతుంది. ఇంకో విషయం, అలాంటి పరుగులు పది పెడితే ఎనిమిదింటికి బంతి రాదు. ఆ ఎనిమిది పరుగులు విసుగు లేకుండా పెట్టేవాడికే మిగతా రెండూ దొరుకుతాయి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది మూడో పరుగుకే ఆపేస్తారు, బంతి ఇవ్వట్లేదని అలుగుతారు.

2001 డిసెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో యువెంటస్ మీద 3-1 మ్యాచ్ ఉంది. ఫ్రెడీవి రెండు, ఆన్రీది ఒకటి. మూడో గోల్‌లో బెర్గ్‌క్యాంప్ పెనాల్టీ బాక్స్ దగ్గర బంతి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరు డిఫెండర్లని తిప్పుతుంటాడు. అందరూ దాన్నే చూస్తారు, పొగుడుతారు, పొగడాల్సిందే కూడా. కానీ ఆ రెండు మూడు సెకన్లూ ఫ్రెడీ ఏం చేస్తున్నాడో చూడండి. ముందే పరిగెత్తేస్తే ఆఫ్‌సైడ్ అయిపోతాడు కాబట్టి ఆగుతాడు, బెర్గ్‌క్యాంప్ కాలు వైపే చూస్తూ ఉంటాడు, పాస్ బయల్దేరే క్షణానికి లోపలికి దూరి గోల్‌కీపర్ బుఫోన్ మీదుగా బంతిని లేపేస్తాడు. ఆ పాస్‌కి ఎంత విలువుందో ఆ ఆగడానికీ అంతే విలువుంది.

ఆ 2001-02 సీజన్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే గణాంకాల్లో అది సరిగ్గా కనిపించదు. లీగ్‌లో 12 గోల్స్, అన్ని పోటీల్లో కలిపి 17, పెద్ద సంఖ్యలేమీ కావు కదా అంటారు. అవి ఎప్పుడొచ్చాయో చూడాలి. మార్చిలో ఎడమవైపు మిడ్‌ఫీల్డర్ పిరెస్‌కి మోకాలు దెబ్బతిని సీజన్ ముగిసిపోయింది, అప్పటికి జట్టులో బాగా ఆడుతున్నవాడు అతనే. ఇక టైటిల్ పోయినట్టే అనుకున్న సమయంలో ఏప్రిల్‌లో చార్ల్టన్, టాటెన్‌హామ్, ఇప్స్‌విచ్, వెస్ట్‌హామ్, బోల్టన్ మీద వరసగా అయిదు లీగ్ మ్యాచ్‌లలో ఫ్రెడీ గోల్స్ కొట్టాడు, మొత్తం 6. మే 4న కార్డిఫ్‌లో చెల్సీ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్, రే పార్లర్ మొదటి గోల్ కొట్టాక 80వ నిమిషంలో ఫ్రెడీ మిడ్‌ఫీల్డ్ నుంచి బంతి తీసుకుని ఒంటరిగా పరిగెత్తి, మీద పడ్డ జాన్ టెర్రీని తట్టుకుని, దూరపు మూలకి వంపు తిప్పి కొట్టాడు. మళ్ళీ నాలుగు రోజులకే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో టైటిల్ తేలిపోయే మ్యాచ్. ఫ్రెడీ షాట్‌ని మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ బార్తెజ్ ఆపాడు, ఎగిరొచ్చిన బంతిని విల్టోర్డ్ లోపలికి కొట్టాడు, లీగూ కప్పూ రెండూ ఆర్సెనల్‌వే అయ్యాయి. ప్రీమియర్ లీగ్ ఆ ఏడాది ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేసింది ఇతన్నే. స్వీడన్‌లో ఆ సంవత్సరం బంగారు బంతి అవార్డు కూడా ఇచ్చారు. ఎర్ర రంగు వేసుకున్న ఆ జుట్టు గుర్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు, కానీ నాకు గుర్తున్నది పిరెస్ లేని ఆ ఆరేడు వారాలు జట్టుని అతను మోసిన తీరు.

అంతకుముందు ఏడాది, 2001లో లివర్‌పూల్ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో కూడా గోల్ కొట్టింది ఇతనే, కాకపోతే చివర్లో మైకేల్ ఓవెన్ రెండు కొట్టి కప్పు లాక్కుపోయాడు. వరసగా రెండు ఎఫ్‌ఏ కప్ ఫైనల్స్‌లో గోల్ కొట్టడం అంతకుముందు నలభై ఏళ్ళలో ఎవరికీ కుదరలేదు.

2003-04లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు, 26 విజయాలు, 12 డ్రాలు, అందులో 30 మ్యాచ్‌లు ఇతనివి. 2005 కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద షూటౌట్‌లో తన పెనాల్టీ వేశాడు. 2006లో పారిస్‌లో బార్సిలోనా మీద ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్ కార్డు వచ్చి పదిమందితో ఆడిన ఆ మ్యాచ్‌లో ఫ్రెడీ చివరిదాకా పరిగెత్తాడు, 2-1తో ఓడిపోయారు.

తర్వాత ఏమైందో వరసగా చూడండి. కెప్టెన్ వియెరా 2005లోనే యువెంటస్‌కి వెళ్ళాడు. 2006లో బెర్గ్‌క్యాంప్ రిటైరయ్యాడు, పిరెస్ విల్లారియల్‌కి వెళ్ళిపోయాడు. 2007 జూన్‌లో ఆన్రీ బార్సిలోనాకి. ఫ్రెడీ పరుగులకి బంతి అందించినవాళ్ళు, అతని కోసం సందులు తెరిచినవాళ్ళు ఒక్కొక్కరూ పోయారు. దాంతోపాటు తుంటి నొప్పి ఏళ్ళ తరబడి వేధిస్తూనే ఉంది, 2002 వరల్డ్ కప్‌లో కూడా దానివల్లే సరిగ్గా ఆడలేకపోయాడు, నాకౌట్ మ్యాచ్‌కి అసలు లేడు. మైగ్రేన్ తలనొప్పులు ఇంకో బాధ. నిలబడ్డ చోటునుంచి ఒక్కసారిగా వేగం అందుకునే ఆటగాడికి తుంటి పాడైతే ఇంకేం మిగులుతుంది? పాస్‌లతో ఆడేవాడైతే 35 దాకా నెట్టుకొస్తాడు. బెర్గ్‌క్యాంప్ నెట్టుకొచ్చాడు, పిర్లో నెట్టుకొచ్చాడు. పరుగుతో ఆడేవాడికి ఆ వెసులుబాటు ఉండదు. 2007 జూలైలో ఆర్సెనల్ అతన్ని వెస్ట్‌హామ్‌కి అమ్మేసింది. అప్పటికి 328 మ్యాచ్‌లు, 72 గోల్స్.

వెస్ట్‌హామ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నాలుగేళ్ళ ఒప్పందం ఒక్క సీజన్‌తో అయిపోయింది. లీగ్‌లో 25 మ్యాచ్‌లు, 2 గోల్స్. 2008 ఏప్రిల్‌లో న్యూకాజిల్ మీద ఆడుతూ పక్కటెముక విరిగింది, ఆగస్టులో క్లబ్బు డబ్బిచ్చి ఒప్పందం రద్దు చేసుకుంది. ఫ్రెడీ లోపలికి పరిగెత్తితే బంతి వేసేవాడు అక్కడ లేడు. వెస్ట్‌హామ్‌ని తప్పుపట్టడం లేదు, వాళ్ళ ఆట వేరు.

సియాటిల్ మాత్రం వేరే కథ, మీ ప్రశ్నకి నాకు గట్టి జవాబు అక్కడే దొరుకుతుంది. 2009లో సియాటిల్ సౌండర్స్ అమెరికా లీగ్‌లోకి కొత్తగా అడుగుపెడుతోంది. ఆ మొదటి సీజన్‌కి పెద్ద పేరున్న ఆటగాడిగా ఫ్రెడీని తెచ్చుకున్నారు. తుంటికి ఆపరేషన్ అయి కోలుకుంటూ వచ్చాడు. డబ్బు కోసమే వచ్చినవాడైతే ఎండ తగలకుండా ఆడి వెళ్ళిపోయేవాడు. ఇతను ఏం చేశాడంటే, తన ఆటనే తిరగేశాడు. ఆర్సెనల్‌లో పాస్ అందుకునేవాడు, ఇక్కడ పాస్ ఇచ్చేవాడయ్యాడు. కుడివైపు ఉండి బంతి పట్టుకుని డిఫెండర్లని తన మీదకి రప్పించుకుని, ఫ్రెడీ మొంటెరో అనే కొలంబియా కుర్రాడు పరిగెత్తే దారిలోకి బంతి వేసేవాడు. గోల్స్ తగ్గాయి, అసిస్ట్‌లు పెరిగాయి. మొంటెరో ఆ సీజన్‌లో 12 గోల్స్ కొట్టాడు. కొత్త జట్టు మొదటి ఏడాదే ప్లేఆఫ్‌కి వెళ్ళింది, యూఎస్ ఓపెన్ కప్ గెలిచింది. లీగ్ ఉత్తమ పదకొండుమందిలో ఫ్రెడీ ఉన్నాడు. సందులోకి ఎప్పుడు పరిగెత్తాలో ఇరవయ్యేళ్ళు నేర్చుకున్నవాడికి ఆ సందులోకి బంతి ఎప్పుడు వెయ్యాలో తెలియకుండా ఎలా ఉంటుంది? 32 ఏళ్ళ వయసులో, ఆపరేషన్ అయిన తుంటితో, ఇంతకాలం తనని నిలబెట్టిన ఆటని పక్కనపెట్టి కొత్తది నేర్చుకోవడం అంటే నాకు చాలా గౌరవం.

2010 జూలై చివర్లో షికాగో ఫైర్‌కి పంపేశారు. డిసెంబర్ చివర్లో నీల్ లెన్నన్ కోచ్‌గా ఉన్న సెల్టిక్ తీసుకుంది, అక్కడ లీగ్‌లో ఆడింది 7 మ్యాచ్‌లే, సీజన్ అయ్యాక బయటికొచ్చాడు. 2011 సెప్టెంబర్‌లో జపాన్‌లో షిమిజు ఎస్-పల్స్, 2012 మొదట్లో అదీ ముగిసింది. ఆగస్టులో రిటైర్మెంట్ ప్రకటించాడు. ఈ మూడు చోట్లా ఆట గురించి చెప్పుకోదగ్గది నిజంగా ఏమీ లేదు, ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. శరీరం అయిపోయింది, ఆడాలన్న కోరిక మాత్రం ఇంకా ఉంది, అంతే.

ఇక ముంబై. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు ఒక్కో జట్టుకి ఒక్కో పెద్ద విదేశీ పేరు ఉండాలన్నారు. ఢిల్లీకి డెల్ పియెరో, గోవాకి పిరెస్, పుణెకి ట్రెజెగే, కోల్‌కతాకి లూయిస్ గార్సియా, కేరళకి డేవిడ్ జేమ్స్, ముంబైకి మన ఫ్రెడీ. మన హైదరాబాద్‌కి అప్పుడు జట్టు లేదు, 2019లో పుణె స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2021-22లో ఛాంపియన్ కూడా అయింది. అందుకని 2014లో మనం ఏ జట్టుకీ చెందకుండా అందర్నీ చూశాం. ఫ్రెడీకి అప్పుడు 37 ఏళ్ళు, రెండేళ్ళకి పైగా పోటీ ఫుట్‌బాల్ ఆడలేదు. గాయంతో మొదటి మ్యాచ్‌కే లేడు. మొత్తం నాలుగు మ్యాచ్‌లు, గోల్ లేదు, ముంబై ఎనిమిది జట్లలో ఏడో స్థానం.

దీని గురించి నాకో గట్టి అభిప్రాయం ఉంది. తప్పు ఆ ఏర్పాటుది. ఒక్కో జట్టు రెండు నెలల్లో 14 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి, అక్టోబర్ ఉక్కపోతలో, మూడు నాలుగు రోజులకొక మ్యాచ్, మధ్యలో విమాన ప్రయాణాలు. 37 ఏళ్ళ మనిషి కండరం పట్టేస్తే కోలుకునేలోగా సీజన్ సగం అయిపోతుంది. డెల్ పియెరో కూడా ఢిల్లీలో పెద్దగా మెరవలేదు కదా. టికెట్లు అమ్మడానికి పేర్లు కావాలి, ఆ సమయంలో లీగ్‌కి అది అవసరమే, కాదనను. కానీ ఆ నాలుగు మ్యాచ్‌లు పట్టుకుని ఒక మనిషి కెరీర్‌ని కొలవడం సబబు కాదు. ఇక్కడ మనకి దొరికింది ఫ్రెడీ పేరు మాత్రమే, ఆట 2002లో ఉంది.

దేశం తరఫున కూడా చూడాలి కదా. 1998 నుంచి 2008 దాకా 75 మ్యాచ్‌లు, 14 గోల్స్. 2006 వరల్డ్ కప్‌లో బెర్లిన్‌లో పరాగ్వే మీద 89వ నిమిషంలో హెడర్‌తో కొట్టిన గోల్ స్వీడన్‌ని నిలబెట్టింది, పైన ఎత్తు లేదన్నాను చూడండి, అలాంటివాడు హెడర్‌తో కొట్టాడంటే సరైన చోట సరైన సమయానికి ఉండటమే. యూరో 2004లో నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్‌లో అతని షాట్ పోస్ట్‌కి తగిలింది, చివరికి షూటౌట్‌లో స్వీడన్ ఓడిపోయింది. యూరో 2008లో కెప్టెన్‌గా ఆడి, రష్యా చేతిలో ఓడాక అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్నాడు.

కోచింగ్ సంగతి అడగలేదు గానీ చెప్పాల్సిందే. ఆర్సెనల్ కుర్రాళ్ళ జట్లకి కోచ్‌గా చేశాడు, మధ్యలో కొన్నాళ్ళు జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లో అసిస్టెంట్. 2019 నవంబర్ చివర్లో కోచ్ ఉనాయ్ ఎమెరీని తీసేసినప్పుడు తాత్కాలికంగా ఆర్సెనల్ బాధ్యత ఇతనికిచ్చారు. 6 మ్యాచ్‌లు, ఒక్కటే విజయం, అదీ వెస్ట్‌హామ్ మీద 3-1. ఫలితాలు గొప్పగా లేవు, కానీ ఆ కొద్ది రోజుల్లోనే సాకా, మార్టినెల్లి లాంటి కుర్రాళ్ళని ధైర్యంగా దించాడు. యూరోపా లీగ్‌లో లియెజ్‌లో 2-0 వెనకబడ్డ మ్యాచ్‌ని లాకజెట్ ఒకటి, సాకా ఒకటి కొట్టి 2-2 చేశారు. కుర్రాళ్ళ జట్టులో దగ్గరుండి చూసినవాడు కాబట్టి వాళ్ళమీద ఆ నమ్మకం ఉంది. తర్వాత కోచ్‌గా ఆర్టెటా వచ్చాడు, 2020 ఆగస్టులో ఫ్రెడీ వెళ్ళిపోయాడు.

మీరు నిజంగా తెలుసుకోవాలనుకుంటే ముంబై వీడియోలు పక్కన పెట్టి రెండు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి, గోల్స్ మాత్రమే ఉన్న ముక్కలు కాదు. ఒకటి యువెంటస్ మీద 2001 డిసెంబర్‌ది, రెండోది 2002 కప్ ఫైనల్. మామూలుగా మన కళ్ళు బంతి వెంటే పోతాయి. మొదటి పావుగంట మాత్రం బలవంతంగానైనా బంతిని వదిలేసి 8వ నంబర్ చొక్కానే చూడండి. ఆన్రీ ఎడమవైపుకి జరిగినప్పుడల్లా, బెర్గ్‌క్యాంప్‌కి బంతి అందినప్పుడల్లా వీడియో ఆపి ఫ్రెడీ ఎక్కడున్నాడో చూడండి, మూడు సెకన్లు ముందుకి జరిపి మళ్ళీ చూడండి. ఆ తర్వాత కూడా మీ ప్రశ్న అలాగే ఉంటే మళ్ళీ అడగండి, మాట్లాడుకుందాం.